మీటరును పరీక్షించేది ఎవరు?



బి.పి. మిషన్ 10 తక్కువ చూపిస్తే ఏమవుతుంది? 140 ఉన్న వ్యక్తి 130 అనుకొని నిశ్చింతగా ఇంటికి వెళ్తాడు. మిషన్ పాడైనట్టు కనిపించదు, అంకె చూపిస్తూనే ఉంటుంది. పూర్తిగా ఆగిపోయిన మిషన్ కంటే తప్పు చెప్పే మిషన్‌తోనే ఎక్కువ ప్రమాదమని మా నర్సింగ్ విద్యార్థినులకు చెబుతుంటాము.

ఎలక్ట్రీషియన్ చేతిలోని మీటరు సంగతీ అంతే. దేవరయాంజాల్, తూంకుంట, శామీర్‌పేట వైపు బోరు మోటార్లు, గోదాములు, కోళ్ల ఫారాలు, కొత్త ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ప్రతి చోటా ఎవరో ఒకరు మీటరు పెట్టి "కరెంటు లేదు" అంటారు. ఆ మాట నమ్మి మరొకరు వైరు పట్టుకుంటారు. మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు. శరీరం గుండా ఆంపియరులో చాలా చిన్న భాగం ప్రవహించినా గుండె లయ తప్పవచ్చు. అందుకే ప్రాణరక్షణకు ఇళ్లలో అమర్చే ఆర్.సి.సి.బి. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే సరఫరా ఆపేలా తయారవుతుంది.

మరి మీటరును ఎన్నాళ్లకొకసారి కాలిబ్రేషన్ చేయించాలి? రోజూ పనిచేసేవారు ఏడాదికొకసారి చేయించాలని మా అభిప్రాయం. చాలా కంపెనీలు ఇచ్చే సలహా కూడా ఇదే. కింద పడినా, లోపలికి నీళ్లు వెళ్లినా, రిపేరు చేసినా ఆ గడువు కోసం ఆగకూడదు. ఇన్సులేషన్ చూసే మెగ్గర్‌నే తీసుకోండి. 500 వోల్టులతో పరీక్షించినప్పుడు కనీసం 1 మెగా ఓమ్ రావాలి. మెగ్గర్ 20 శాతం ఎక్కువ చూపిస్తే 0.9 ఉన్న పాత వైరింగు కూడా 1.08గా కనబడి "పాస్" అయిపోతుంది.

అయితే సర్టిఫికెట్ చెప్పేది ఆ ఒక్క రోజు సంగతే. మర్నాడే ప్రోబు వైరు లోపల తెగిపోవచ్చు. కాబట్టి వైరు ముట్టుకునే ముందు ప్రతిసారీ మూడు పనులు చేయాలి. మొదట కరెంటు ఉందని తెలిసిన చోట మీటరు పెట్టి చూడాలి. తరువాత పనిచేయబోయే చోట చూడాలి. మళ్లీ మొదటి చోటే చూడాలి. దీనికి ఒక్క నిమిషం చాలు. స్క్రూడ్రైవర్ టెస్టర్‌లో లైటు వెలగలేదని మాత్రం వైరు పట్టుకోవద్దు. చెప్పులను బట్టి, నేలను బట్టి అది వెలగకపోవచ్చు. మీటరు బ్యాటరీ తగ్గినా అంకెలు తప్పుతాయి.

"రోజు కూలీతో బతికేవాడు కాలిబ్రేషన్ ఖర్చు ఎలా భరిస్తాడు?" అని అడగవచ్చు. ఇది న్యాయమైన ప్రశ్నే. భారమంతా అతని మీద వేయడం మాకూ సమ్మతం కాదు. సంఘంలోని ఎలక్ట్రీషియన్లు కలిసి ఒక మంచి మీటరు కొని, దానిని మాత్రం ఏటా ఎన్.ఎ.బి.ఎల్. గుర్తింపు ఉన్న ల్యాబులో కాలిబ్రేషన్ చేయించవచ్చు. నెలకొకసారి తమ మీటర్లను దాని పక్కన పెట్టి సరిచూసుకోవచ్చు. తేడా వచ్చిన మీటరును మాత్రమే ల్యాబుకు పంపితే సరిపోతుంది. పని చేయించుకునే మనం కూడా ఆ ఖర్చులో కొంత భరించాలి. రేటు బేరమాడేటప్పుడు ఇది గుర్తుంచుకుందాం.

తప్పు త్రాసు గురించి సామెతల గ్రంథం 11వ అధ్యాయం మొదట్లోనే హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికను అంగడి త్రాసుకే పరిమితం చేయవద్దని మా మనవి. ఈసారి మీ ఇంటికి ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు మంచినీళ్లు ఇచ్చి, "అన్నా, మీటరు చివరిసారి ఎప్పుడు చూపించావు?" అని అడగండి. తప్పు పట్టినట్టు కాక, అతని ప్రాణం మీద ప్రేమతో అడగండి.