ఎవరు తరుముతున్నారు, మాస్టారూ?

మా మార్కాపురంలో తెల్లవారుజామున అయిదింటికి వీధిలోకి వచ్చేవాళ్ళలో పాలవాడిని ఎందుకు లేచావని ఎవరూ అడగరు. చెన్నకేశవస్వామి గుడికి పోయే ముసలమ్మనూ అడగరు. మమ్మల్ని మాత్రం అడుగుతారు. మొదటిరోజున టీకొట్టు ఆసామి గ్లాసు కడుగుతూ, “ఎవురు తరుముకొస్తన్నారు మాస్టారూ?” అన్నాడు. నాకు జవాబు తోచలేదు. లెక్కల మాస్టరుగా రిటైరయిన వాడికి జవాబు తోచకపోవడం ఎంత అవమానమో మీరే ఊహించుకోండి. తొమ్మిదేళ్ళయింది. ఆయన ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాడు, నేను ఇప్పటికీ నవ్వి ఊరుకుంటూనే ఉన్నాను.

మొదలు మాత్రం బొత్తిగా సాదా సంగతి. చక్కెర జబ్బు బయటపడింది, డాక్టరు నడవమన్నాడు, మా ఆవిడ వాకిట్లోకి తోసి తలుపేసుకుంది. అలా నెల్లాళ్ళు ఏడుపు మొహంతో నడిచాక ఒకరోజు వాన పట్టుకుంది. పంచె ఎగ్గట్టి పరుగెత్తాను. యాభై గజాలుంటుందేమో! చూరు కింద నిలబడి నన్ను చూసి నవ్విన పలకల షావుకారు మర్నాడు తనూ కాన్వాసు బూట్లతో ప్రత్యక్షమయ్యాడు. అదే మా సంఘానికి ప్రారంభోత్సవం. రిబ్బనూ లేదు, కొబ్బరికాయా లేదు.

ఇప్పుడు పద్నాలుగు మందిమి. బ్యాంకు ఉద్యోగి ఒకరు, బట్టల కొట్టాయన ఒకరు, తోటికోడల్ని తోడు తెచ్చుకుని మొదలెట్టి ఇప్పుడు తోటికోడల్ని వెనక వదిలేసి పోతున్న అంగన్‌వాడీ టీచరమ్మ ఒకరు. కానిస్టేబుల్ పరీక్షకు తయారయ్యే కుర్రాళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళు 1600 మీటర్లు 8 నిమిషాల్లో పరుగెత్తాలి. చేతిగడియారం పట్టుకుని సెకన్లు లెక్కపెట్టడం నా వంతు. నేను బడిలో పాఠం చెప్పినప్పుడు ఏ కుర్రాడూ నా నోటి వంక అంత ఆత్రంగా చూడలేదు సుమండీ.

మరో పెద్దమ్మ ఉంది, పడమటి పల్లె మనిషి. ఏళ్ళ తరబడి ఫ్లోరైడు నీళ్ళు తాగి నడుము కొయ్యబారిపోయింది. ఆవిడ పరుగెత్తదు, నడుస్తుంది. ముందుపోయిన వాళ్ళందరూ వెనక్కి తిరిగివచ్చి ఆవిడతో కలిసి చివరి ఫర్లాంగు నడవాలన్నది మాకున్న ఒకే ఒక నిబంధన.

ఇదేదో ఈనాటి పట్నాల మోజు అనుకునేరు! 1962లో అమెరికాలో పేరుమోసిన పరుగు శిక్షకుడు బిల్ బవర్‌మన్ న్యూజీలాండు వెళ్ళాడు. అక్కడ ఆర్థర్ లిడియార్డ్ అని, చెప్పుల ఫాక్టరీలో పనిచేసిన మనిషి, మామూలు జనాన్ని పోగేసి మెల్లమెల్లగా పరుగెత్తిస్తున్నాడు. వాళ్ళతో బయలుదేరిన బవర్‌మన్‌కు కాసేపటికే ఆయాసం వచ్చింది. గుండెపోటు తిని బతికిన, డెబ్భయి దాటిన వృద్ధుడొకాయన జాలిపడి వేగం తగ్గించి ఆయనకు తోడుగా వచ్చాడట. బవర్‌మన్‌కు అప్పుడు యాభయ్యొకటే! సిగ్గుపడి ఇంటికెళ్ళి తన ఊళ్ళోనూ అలాంటి గుంపు పెట్టి, 1967లో పుస్తకం కూడా వేశాడు. ఆ ముసలాయన కథ మా పెద్దమ్మకు చెబితే, “పాపం, ఆ దొరకు టీ అయినా ఇప్పించాడా లేదా?” అంది.

సరే, నా సంగతి. చక్కెర అదుపులోకి వచ్చి చాలా ఏళ్ళయింది. ఇంకా ఎందుకు పరుగెత్తుతున్నాను?

మా నాన్న పలకల ఫాక్టరీలో కోత మిషను దగ్గర పనిచేశాడు. దేశంలో ఎక్కడెక్కడి పిల్లలో మా ఊరి పలకల మీద అ ఆలు దిద్దిన కాలం అది. సాయంత్రం ఇంటికి వస్తే కనురెప్పలు కూడా బూడిదరంగుగా ఉండేవి. నీళ్ళు పోసుకుంటే కాలవలో పలకరంగు నీళ్ళు పారేవి. ఒంటి మీది దుమ్ము కడిగితే పోతుంది, ఊపిరితిత్తుల్లో చేరిన రాతిపొడి పోదు, దానికి మందు లేదు. క్షయ అనుకుని చాలాకాలం ఆ మందులే మింగించాము. ఆఖరి రోజుల్లో అరుగు మీదనుంచి పంపు దగ్గరికి పోవడానికి మధ్యలో రెండుసార్లు ఆగేవాడు. పన్నెండు అడుగుల దూరం. నేను లెక్కపెట్టాను.

అందుకని, పొద్దున్నే చల్లగాలి ముక్కులోంచి రొమ్ముదాకా నిండి మళ్ళీ బయటికి వస్తుంటే నాకు దొంగసొమ్ము దొరికినట్టుంటుంది. ఇంత గాలి! ఎవరూ లెక్క అడగరు.

ఈ మాట సంఘంలో ఎవరికీ చెప్పలేదు. కిందటి కార్తీకంలో మేమూ గిద్దలూరు మిత్రులు ఇద్దరూ కలిసి కంభం చెరువుకు పోయాము. విజయనగరపు రోజుల్లో వరదరాజమ్మ కట్టించిందని చెప్పే చెరువు. సముద్రమంత చెరువుకు కట్ట మహా పొడుగుంటుందనుకుని వెళ్ళేవాళ్ళు తెల్లబోతారు. రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డంగా వేసిన చిన్నకట్ట. దాని మీద ఎంతసేపని పరుగెత్తుతాం? అటూ ఇటూ తిరుగుతున్నాము. షావుకారూ నేనూ పక్కపక్కనే ఉన్నాము. ఉన్నట్టుండి ఆయన, “మాస్టారూ, మీ నాన్నగారు మా ఫాక్టరీలోనే గదా చేసింది?” అన్నాడు.

అవునన్నాను. తొమ్మిదేళ్ళుగా నాకు తెలుసు. ఆయనకు ఎప్పుడు తెలిసిందో నేనడగలేదు.

“అప్పుడు మా నాన్న చూసుకునేవాడు. నేను హైదరాబాదులో చదువుకుంటున్నా,” అన్నాడు. ఆ తర్వాత మాట్లాడలేదు. కట్ట ఆ చివరకు పోయాము, ఈ చివరకు వచ్చాము, మళ్ళీ పోయాము. నాకు కోపం వచ్చిందా అంటే వచ్చింది. ఆయన ఆయాసపడుతుంటే వేగం తగ్గించానా అంటే తగ్గించాను. రెండూ నిజమే. నీళ్ళమీద కొంగలు లేచి కొండవైపు పోయాయి. పెద్దమ్మ మెట్ల మీద కూర్చుని పులిహోర పొట్లాలు విప్పుతోంది. “రండయ్యా, చల్లారిపోతాంది!” అని కేకేసింది. చల్లారిన పులిహోరే బాగుంటుందని బ్యాంకాయన వాదన పెట్టుకున్నాడు.

మర్నాడు షావుకారు రాడనుకున్నాను. అయిదు కావడానికి ఇంకా పది నిమిషాలుండగానే టీకొట్టు బల్ల మీద కూర్చుని బూట్ల తాళ్ళు ముడేసుకుంటున్నాడు. టీకొట్టు ఆసామి ఆయన్ని అడుగుతున్నాడు, “ఎవురు తరుముకొస్తన్నారు షావుకారూ?” అని.

ఆయన నా వంక చూశాడు. నేను గడియారం తీశాను. కుర్రాళ్ళు గీత దగ్గర నిలబడి ఉన్నారు మరి.