కుందేలుకు కావలసింది గరిక

మా ఒట్టన్‌చత్రంలో కూరగాయలకు కరువు లేదు. ఇక్కడి మార్కెట్టు నుంచి కేరళకు లారీల కొద్దీ సరుకు వెళుతుంది. పొద్దువాలే సరికి దుకాణాల ముందు విరిగిన క్యారెట్లు, క్యాబేజీ పై ఆకులు, ముదిరిన బీన్సు మిగిలి ఉంటాయి. పిల్లలు సరదాపడి కుందేలును తెచ్చుకున్న ఇళ్ళల్లో దాని మేత ఆ మిగులులోంచే వస్తుంది. ఖర్చు లేని పెంపకం గదా అని పెద్దలూ సంతోషిస్తారు. కుందేలు కూడా ఇష్టంగానే తింటుంది. చిక్కంతా అక్కడే ఉంది.

మా వీధిలో ఒక ఇంటి కుందేలు రెండేళ్ళు నిండకుండానే మేత మానేసింది. రెండు రోజులు చూసి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళేసరికి ఆలస్యమైపోయింది. దవడ పళ్ళు మొనలు తేలి నాలుకను కోస్తున్నాయట. "పెదనాన్నా, రోజూ క్యారెట్టు పెట్టాం గదా, మరి ఎందుకిలా అయింది?" అని ఆ ఇంటి అమ్మాయి కళ్ళనీళ్ళతో అడిగింది. ఈసారి ఆ ప్రశ్నకే జవాబు రాస్తున్నాను.

కుందేలు అనగానే క్యారెట్టు గుర్తుకు రావడంలో సినిమా బొమ్మల పాత్ర కొంత ఉంది. 1940లో తెర మీదికి వచ్చిన బగ్స్ బన్నీ క్యారెట్టు నములుతూనే లోకమంతా తిరిగింది. అప్పటి నుంచి, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు, క్యారెట్టే దాని ఆహారమని మనం పట్టుబట్టాం. నిజానికి పెంపుడు కుందేళ్ళ పూర్వీకులు స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతాల్లో గడ్డి మేసి బతికిన జీవాలు. మన పొలాల్లో కనిపించే చెవులపిల్లి వేరే జాతి. దాన్ని పట్టి పెంచడం 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నేరం కూడాను.

కుందేలు పళ్ళు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి. ముందుపళ్ళు వారానికి సుమారు 2 మిల్లీమీటర్లు పెరుగుతాయి. అవి అరగాలంటే గంటల తరబడి గడ్డి నమలాలి. మెత్తటి కూరగాయ రెండు నిమిషాల్లో అయిపోతుంది. పేగులు ఆగకుండా కదలడానికీ గడ్డిలోని పీచే ఆధారం. తీపి, పిండి ఎక్కువైతే లోపలి మంచి సూక్ష్మజీవులు దెబ్బతిని కడుపు ఉబ్బుతుంది. వాంతి చేసుకునే శక్తి కుందేలుకు లేదు.

అందుచేత మేతలో నూటికి 80 పాళ్ళకు పైగా గడ్డే ఉండాలి. వినాయకుడికి పెట్టే గరిక, ఇక్కడివాళ్ళు అరుగంపుల్ అనేది, చక్కగా పనికివస్తుంది. పచ్చిదైనా సరే, నీడన ఆరబెట్టినదైనా సరే, రాత్రింబగళ్ళు అందుబాటులో ఉంచాలి. బండ్లు తిరిగే రోడ్డు పక్కనా, మందు కొట్టిన చేలోనా కోయకండి. లేత జొన్నపైరు పశువులకే విషం, దాని జోలికి వెళ్ళవద్దు.

గడ్డి తరువాత రోజూ ఒక గుప్పెడు ఆకులు: కొత్తిమీర, పుదీనా, ముల్లంగి ఆకు, క్యారెట్టు ఆకు. మార్కెట్టు సరుకైతే బాగా కడిగి పెట్టాలి. క్యారెట్టు దుంప మాత్రం వారానికి ఒకటి రెండుసార్లు, వేలి కణుపంత ముక్క చాలు. ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప, టమోటా ఆకులు పెట్టరాదు.

మా వైపు మునగ విస్తారం. మునగాకులో కాల్షియం ఎక్కువ. మన శరీరం కాల్షియాన్ని చాలావరకు అవసరం మేరకే తీసుకుంటుంది. కుందేలు శరీరం అలా కాదు, వచ్చినదంతా జమ కట్టుకుని, మిగులును మూత్రంలో ఖర్చు రాస్తుంది. జమ మరీ ఎక్కువైతే మూత్రం సున్నపు నీళ్ళలా చిక్కబడి రాళ్ళు కట్టవచ్చు. అందుకని మునగాకు ఎప్పుడైనా రెండు రెబ్బలు చాలు. కుదిరైమసాల్ అనే లూసర్న్ గడ్డి కూడా ఆరు నెలల లోపు పిల్లలకే మంచిది.

కొడైకానల్ కొండ మీద మన్నవనూర్‌లో కేంద్ర గొర్రెల, ఉన్ని పరిశోధన సంస్థ వారి దక్షిణ ప్రాంత కేంద్రం ఉంది. అక్కడ వైట్ జయంట్, సోవియట్ చించిల్లా జాతి కుందేళ్ళను పెంచుతారు. అటువంటి జాతులను రైతులు మాంసం కోసం పెంచేటప్పుడు తొందరగా బరువెక్కించే గుళికల దాణా వాడతారు. ఇంటి కుందేలు ఎనిమిది, పదేళ్ళు బతకవలసినది. దానికి ఆ లెక్క కుదరదు. పెద్ద కుందేలుకు గుళికల దాణా కిలో బరువుకు రోజుకు 25 గ్రాములు మించకూడదు. మంచినీళ్ళు ఎప్పుడూ ఉండాలి.

ఇన్నాళ్ళూ కూరగాయల మీదే పెంచి ఉంటే ఒక్కరోజులో మార్చకండి. వారం, పది రోజుల్లో గడ్డి పెంచుతూ మిగతాది తగ్గించండి. కుందేలు తన మెత్తటి పెంటికలను తానే తింటుంది. పోషకాలు రెండోసారి అందుకునే ఏర్పాటు అది, పిల్లలు చూసి అదిలించకుండా చెప్పండి.

రోజూ ఉదయం రెండు సంగతులు చూడమని పిల్లలకు అప్పగించండి: రాత్రి వేసిన గడ్డి తరిగిందా, పెంటికలు గుండ్రంగా, ఎప్పటిలా పడ్డాయా. పెంటికలు చిన్నవైనా, పడడం మానినా, పూటంతా మేత ముట్టకపోయినా రేపు చూద్దామని ఊరుకోవద్దు. ఆ రోజే పశువుల డాక్టరుకు చూపించాలి.