రైతు బజారులో రైతు ఎవరు?

ఏప్రిల్ మొదటి వారంలో గుంటూరు ప్రాంతంలోని ఒక రైతు బజారుకు వెళ్లాను. పొద్దున ఆరు గంటలకే ఎండ చురుక్కుమంటోంది. వేసవి కూరలు అప్పుడప్పుడే దిగుతున్నాయి. దొండ, బెండ, దోస, ములక్కాడలు, గోంగూర కట్టలు, ఇంకా టెంక ముదరని మామిడికాయలు. కుప్పల వెనక కూచున్నవాళ్లలో ఎక్కువమంది స్త్రీలే. తూకం వేసేదీ, చిల్లర లెక్కపెట్టేదీ, బేరమాడే పట్నంవాళ్లకు జవాబు చెప్పేదీ వాళ్లే.

ఒకామె పక్కన రైతు గుర్తింపు కార్డు వేలాడుతోంది. దాని మీద ఫొటో మగమనిషిది.

"ఈ కార్డు మీదేనామ్మా?" అని అడిగాను.

"నాదేందమ్మా, మా ఇంటాయనది."

"తోట ఎవరు చేస్తారు?"

వింత ప్రశ్న విన్నట్టు నా మొహంలోకి చూసింది. "ఎవరు చేస్తారు? నేనే."

"అయితే రైతు మీరే కదా?"

"రైతంటే ఆయనే గదమ్మా. నేను చేలో పనికి పోతా."

అర ఎకరం కౌలు చేలో విత్తు వేసి, నీళ్లు కట్టి, కలుపు తీసి, తెల్లవారుజామున కాయ కోసి, గంప నెత్తిన పెట్టుకుని వచ్చిన మనిషి అన్న మాట ఇది. ఇది ఆమె అమాయకత్వం కాదు. ప్రభుత్వమూ, మార్కెట్టూ, కుటుంబమూ కలిసి ఇన్నేళ్లుగా ఆమెకు నేర్పిన పాఠం.

రైతు బజార్లు మన రాష్ట్రంలో 1999 జనవరి 26న మొదలయ్యాయి. రైతుకూ వినియోగదారుకూ మధ్య దళారీ ఉండకూడదన్నది ఉద్దేశం. టోకు ధరకంటే ఎక్కువ రైతుకు దక్కాలి, చిల్లర ధరకంటే తక్కువకు కొనేవాళ్లకు దొరకాలి. మంచి ఉద్దేశమే. ఎన్నో కుటుంబాలకు మేలు జరిగింది కూడా. కాని దళారులందరినీ బయటికి పంపామనుకున్న చోట ఒక దళారీ మిగిలిపోయాడు. స్త్రీ శ్రమకూ ఆ శ్రమ ఫలితానికీ మధ్య నిలబడే 'కుటుంబ యజమాని' అతను. అతన్ని దళారీ అని ఎవరూ అనరు. రైతు అంటారు.

కూరగాయల దగ్గరే ఇలా ఉంటే, గుంటూరు, ప్రకాశం నల్లరేగడి నేలల్లో పండే మిర్చి, పత్తి సంగతి చెప్పనక్కరలేదు. మిరప నారు పీకి నాటేది స్త్రీలు. కలుపు తీసేది స్త్రీలు. మందు కొట్టేది మగవాడైతే బిందెలతో నీళ్లు మోసి డ్రమ్ము నింపేది ఆడది. సంక్రాంతి దాటిన దగ్గర్నుంచి ఎండలు ముదిరేదాకా కాయ కోసేదీ, కల్లంలో ఆరబెట్టి తిరగేసేదీ, తాలు ఏరేదీ, తొడిమ తీసేదీ స్త్రీలే. ఆ ఘాటుకు చేతులు మండుతాయి. ఆ చేతులతో పసిబిడ్డను ఎత్తుకోవాలన్నా భయమే. పత్తి తీతా అంతే. ఈ కోతలకు కర్నూలు వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే బడి పిల్లలతో సహా వలస వస్తాయి.

టిక్కీలు లారీకెక్కిన క్షణాన ఈ మనుషులంతా మాయమవుతారు. మే నెలలో వేసవి సెలవులిచ్చేలోపు సరుకు యార్డుకు చేర్చే హడావుడి మగవాళ్లది. కాటా దగ్గర నిలబడేదీ, కమీషన్ ఏజెంటుతో మాట్లాడేదీ వాళ్లే. పట్టీ మీద పేరు అతనిది. ధర లేదని కోల్డ్ స్టోరేజీలో పెడితే బాండు మీద పేరూ అతనిదే. ఏజెంటు పాత బాకీ ఎంత పట్టుకున్నాడో, చేతికి ఎంత వచ్చిందో అతను చెప్తేనే ఆమెకు తెలుస్తుంది. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోయినప్పుడు కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలతో మార్కెట్ జోక్యం ప్రకటించింది. ఆ ధర చాలునా చాలదా అని అందరూ వాదించారు. ఆ డబ్బు ఎవరి పేరున రావాలన్న ప్రశ్న మాత్రం చర్చకే రాలేదు.

"ఎవరి పేరున ఉంటేనేం, డబ్బు ఇంటికే వస్తుంది కదా" అని మన సభల్లో కూడా కొందరు అంటారు. వాళ్లను 1997, 98 సంవత్సరాలు గుర్తు తెచ్చుకోమంటాను. పత్తి పోయి, పురుగు చావని మందు మనిషిని చంపిన రోజులవి. అప్పుడు వరంగల్ నుంచి గుంటూరు దాకా ఎందరో స్త్రీలు ఒంటరివాళ్లయ్యారు. 2004 జూన్‌లో వచ్చిన 421 నంబరు జీవో ప్రకారం లక్ష రూపాయల సాయం, అప్పుల పరిష్కారానికి మరో యాభై వేలు అన్నారు. దాన్ని తేల్చేందుకు రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ అధికారుల ముగ్గురి కమిటీ వేశారు. చనిపోయినవాడు రైతేనని ఆ కమిటీకి ఆమె రుజువు చూపాలి. నోటిమాట కౌలుకు కాగితం ఎక్కడిది? అప్పులవాడికి మాత్రం ఏ కాగితమూ అక్కరలేదు. బాకీ ఆమెదని అతనికి తెలుసు. హక్కు అడిగేటప్పుడు ఆమె రైతు కాదు, అప్పు కట్టేటప్పుడు మాత్రం రైతే. ఇక ఆమే పురుగుమందు తాగితే? 'గృహిణి' అని రాసి ఫైలు మూసేస్తారు.

చట్టాలు లేవా అంటే, ఉన్నాయి. ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇస్తూ 1986లోనే మన రాష్ట్రం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. దేశమంతటికీ ఆ హక్కు 2005లో వచ్చింది. అయినా 2015-16 వ్యవసాయ గణన నాటికి దేశంలోని సాగు కమతాల్లో స్త్రీల పేరున ఉన్నవి నూటికి 14 మాత్రమే. అన్నదమ్ములతో పుట్టింటి సంబంధం తెగుతుందన్న భయంతో మన ఆడపిల్లలు వాటా అడగరు. అడిగితే 'కట్నం ఇచ్చాం కదా' అంటారు. కట్నం వెళ్లేది అల్లుడి చేతికి. మళ్లీ అక్కడా ఆమె పేరు లేదు.

2007 జాతీయ రైతు విధానం కౌలుదార్లనూ వ్యవసాయ కూలీలనూ కూడా రైతులన్నది. మహిళా రైతుల హక్కుల కోసం స్వామినాథన్ రాజ్యసభలో పెట్టిన బిల్లు 2013లో చర్చకు రాకుండానే మురిగిపోయింది. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం 11 నెలల ఒప్పందం మీద భూయజమాని సంతకం కావాలంది. మగ కౌలుదారుకే దొరకని ఆ సంతకం అర ఎకరం చేసుకునే దళిత స్త్రీకి ఎవరు పెడతారు? ఐక్యరాజ్యసమితి 2026ను మహిళా రైతుల అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించింది. సన్మానాలకు, శాలువలకు లోటుండదు. శాలువ కప్పించుకున్న ఆమె ఇంటికి వెళ్లాక పాస్ పుస్తకం ఎవరి పేరున ఉందో కూడా చూడాలి.

మన తప్పూ ఒప్పుకుందాం. డ్వాక్రా రోజుల నుంచి మనం స్త్రీలకు పొదుపు నేర్పాం, సంతకం నేర్పాం, బ్యాంకు గడప ఎక్కించాం. ఆ సంతకాన్ని అప్పు కాగితాల దగ్గరే ఆపేశాం. భూమి కాగితం దాకా తీసుకుపోలేదు. ఇంకో సంగతి. భూమి ఉన్న ఇంట్లో భార్య పేరు చేర్చినంత మాత్రాన ఆ చేలో కాయ కోసే కూలి స్త్రీకి ఒరిగేదేమీ లేదు. ఆమె కూలి రేటు, చెట్టు కింద పడుకోబెట్టిన ఆమె పసిబిడ్డ, తాగే నీళ్లు మన కోరికల పట్టికలో లేకపోతే మనం మాట్లాడేది కొందరు స్త్రీల గురించే అవుతుంది.

కాబట్టి మనం అడగవలసినవి స్పష్టంగా అడుగుదాం. రైతు బజారు కార్డు సాగు చేసే మనిషికి, గ్రామసభ ధ్రువీకరణ మీద, భూమి కాగితంతో నిమిత్తం లేకుండా ఇవ్వాలి. కౌలు కార్డు మీద భార్యాభర్తలిద్దరి పేర్లూ, ఒంటరి స్త్రీలైతే వాళ్ల పేరే ఉండాలి. యార్డు పట్టీ, కోల్డ్ స్టోరేజీ బాండు ఇద్దరి పేరునా రాయాలి. కోతల కాలంలో చేల దగ్గర శిశు సంరక్షణ కేంద్రాలు పెట్టాలి. వీటిలో ఆకాశం నుంచి ఊడిపడేది ఏదీ లేదు. చాలావాటికి కొత్త చట్టం కూడా అక్కరలేదు, కాగితం మీద ఇంకొక గీత చాలు.

వచ్చేముందు కిలో దొండకాయలు కొన్నాను. "మీ పేరున కార్డు ఇస్తామంటే తీసుకుంటారా?" అని అడిగాను. తక్కెడ సరిచేస్తూ కాసేపు మాట్లాడలేదు. "ఆయన ఊరుకుంటాడా?" అన్నది. మళ్లీ తనే, "అడిగి చూడండి అమ్మా, ఇస్తారేమో" అన్నది.

అడగవలసిన పని మనది.