పచ్చని మొక్కకు కాపు కరవు

ఛత్తీస్‌గఢ్‌లోని రైల్వే పట్టణం బిలాస్‌పూర్‌కు వేసవి ఎండలు కొత్త కాదు. 2017 మే నెలలో అక్కడ పగటి ఉష్ణోగ్రత 49 డిగ్రీలు దాటింది. ఎండ తీవ్రతను వడదెబ్బ మృతుల సంఖ్యతోనూ, విద్యుత్ కోతలతోనూ కొలవడం ఆనవాయితీ. అదే ఎండ కూరగాయల తోటల్లో కలిగిస్తున్న నష్టం మాత్రం తగినంతగా చర్చకు రావడం లేదు. ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రమైన ఈ పట్టణంలో తరాల క్రితమే స్థిరపడిన తెలుగు కుటుంబాలకు గానీ, స్థానికులకు గానీ టమాటా నిత్యావసరమే. వేసవిలో ఆ పంటకు వస్తున్న కష్టం ఉత్తర, దక్షిణ భారతాలకు ఉమ్మడి సమస్య.

ఈ నష్టం కంటికి కనిపించనిది కావడమే అసలు చిక్కు. వేడికి టమాటా మొక్క వెంటనే ఎండిపోదు. ఆకులు పచ్చగానే ఉంటాయి, పూత కూడా వస్తుంది. కానీ పిందె కట్టకుండానే పూత రాలిపోతుంది. తెగులు సోకిందని భావించిన రైతు మందుల కోసం అప్పు చేస్తాడు. లోపం నిజానికి పుప్పొడిలో ఉంది. పువ్వు విచ్చడానికి వారం పది రోజుల ముందు, మొగ్గలో పుప్పొడి తయారయ్యే దశలో తగిలిన వేడే దానిని నిస్సారం చేస్తుంది. పగటి ఎండ ఒక్కటే ఇందుకు కారణం కాదు. రాత్రి ఉష్ణోగ్రత సుమారు 21 డిగ్రీలు మించి కొనసాగినా సాధారణ రకాలలో కాపు తగ్గుతుంది.

మొక్కకు ఆత్మరక్షణ లేకపోలేదు. వేడి తగిలిన జీవకణంలో కొన్ని జన్యువులు మేల్కొంటాయని 1962లో ఇటలీ శాస్త్రజ్ఞుడు ఫెరూచియో రిటోసా పండ్ల ఈగలపై జరిపిన పరిశోధనలో వెల్లడించారు. ఆ జన్యువుల ఆదేశంతో తయారయ్యే హీట్ షాక్ ప్రొటీన్లు, వేడికి రూపు చెడిన ఇతర ప్రొటీన్లను సరిదిద్దుతాయి. టమాటాలో ఈ వ్యవస్థకు హెచ్‌ఎస్‌ఎఫ్ఏ1 అనే నియంత్రకం కీలకమని, అది అణగిన మొక్కలు వేడికి తాళలేవని 2002లో తేలింది. ఆకులో చురుకుగా పనిచేసే ఈ రక్షణ పుప్పొడిలో బలహీనంగా ఉండటమే రైతు పాలిట శాపం.

టమాటా జన్యుపటం 2012లో వెలువడింది. ఆ అంతర్జాతీయ కృషిలో భారత శాస్త్రజ్ఞులూ పాలుపంచుకున్నారు. అయినా ఒక్క జన్యువును మార్చితే సమస్య తీరుతుందనుకోవడం భ్రమ. వేడిని తట్టుకునే గుణం అనేక జన్యువుల ఉమ్మడి ఫలితం. పైగా ఆ గుణమున్న రకాలలో చాలావాటికి కాయ చిన్నది. పెద్ద కాయ, గట్టి తోలు కోరే వ్యాపారికి అవి నచ్చవు. భారత వ్యవసాయ పరిశోధన సంస్థ రూపొందించిన పూసా సదాబహార్ వంటి రకం వేడి రాత్రులలోనూ కాస్తుంది. అంటే విజ్ఞానం కొరవడలేదు, దానిని పొలానికి చేర్చే విధానమే కొరవడింది.

నీడ వలలు కడితే సరిపోతుందన్న వాదన ఉంది. వలలు పగటి ఎండను తగ్గిస్తాయి గానీ, రాత్రి ఉక్కను పోగొట్టలేవు. వాటి ఖర్చు చిన్న రైతుకు భారం కూడా.

1966 నాటి విత్తన చట్టం కింద పొట్లంపై మొలక శాతం, స్వచ్ఛత ముద్రిస్తున్నారు. మొలకెత్తిన మొక్క మే నెలలో కాస్తుందో లేదో రైతుకు చెప్పే బాధ్యత ఎవరిది? రాయ్‌పూర్‌లోని ఇందిరాగాంధీ కృషి విశ్వవిద్యాలయానికి బిలాస్‌పూర్‌లో కళాశాల, పరిశోధన కేంద్రం ఉన్నాయి. ఇటువంటి చోట్ల నడివేసవిలో రకాలను పరీక్షించి, ఏ రాత్రి ఉష్ణోగ్రత వరకు కాపు నిలుస్తుందో విత్తన పొట్లంపై ముద్రించడం తప్పనిసరి చేయవలసిన అవసరం ఎంతైనా ఉంది. దిగుబడి అంకెలు మాత్రమే చూసి రకాలను విడుదల చేస్తున్నంత కాలం, పూత రాలిన తోటకు పురుగుమందు కొట్టే దుస్థితి నుంచి రైతుకు విముక్తి ఉండదు.