పాలు, గుడ్లు, తూటాలు

మన ఊరి కిరాణా కొట్టులో ఏమేమి దొరుకుతాయో మీకు తెలుసు. పప్పు, ఉప్పు, చింతపండు, అగ్గిపెట్టె. కాస్త పెద్ద కొట్టయితే చీపురు, చేంతాడు కూడా దొరుకుతాయి. అమెరికాలో కిరాణా కొట్లు ఇంకొక మెట్టు పైకెక్కాయి. 2024లో అలబామా, ఓక్లహోమా రాష్ట్రాల్లోని కొన్ని కిరాణా దుకాణాల్లో తూటాలమ్మే యంత్రాలు పెట్టారు. మన రైల్వే స్టేషన్లలో డబ్బు వేస్తే బరువు చెప్పే యంత్రం ఉండేది గదా, అలాంటిదే అనుకోండి. గుర్తింపు కార్డు చూపితే ఆ యంత్రం మన ముఖాన్ని దానితో పోల్చుకుని, ఇరవై ఒకటేళ్లు నిండాయని తేల్చుకుని, తూటాల పెట్టె అందిస్తుంది. పాలు, గుడ్లు, రొట్టె, తూటాలు అన్నీ ఒకే సంచిలో వేసుకుని ఇంటికి పోవచ్చు. గుడ్లు పగలకుండా తూటాలు అడుగున పెట్టుకోవాలని మాత్రం మేము సలహా ఇస్తాము.

ఆ దేశంలో ప్రజల చేతుల్లో ఎన్ని తుపాకులున్నాయి? స్మాల్ ఆర్మ్స్ సర్వే అనే సంస్థ 2018లో వేసిన అంచనా ప్రకారం 39 కోట్ల 30 లక్షలు. అంటే నూరుమందికి 120. ఊయలలోని పసిబిడ్డలను, మంచం పట్టిన ముసలివారిని కూడా లెక్కలో కలిపి, తలకొకటి పంచినా ఇంకా ఇరవై మిగులుతాయన్నమాట! జార్జియా రాష్ట్రంలో కెన్నెసా అనే ఊరుంది. ఇంటికొక మరుగుదొడ్డి ఉండాలని మన పంచాయతీవారు చెప్పి చెప్పి అలసిపోయారు గాని, ఆ ఊరి పెద్దలు 1982లో ఇంటికొక తుపాకి, దానికి తగిన తూటాలు ఉండాలని చట్టమే చేశారు. మనస్సాక్షి ఒప్పుకోనివారికి మినహాయింపు ఉన్నది. మంచివారే.

ఇదంతా మా హక్కు అని వారంటారు. నిజమే, 1791లో వారి రాజ్యాంగంలో చేర్చిన రెండవ సవరణ ఆయుధం ఉంచుకునే హక్కునిచ్చింది. ఆనాటి తుపాకిలో మందు కూరి, గుండు దోపి, గజంతో దట్టించి కాల్చేసరికి కోపం వచ్చినవాడికి కాస్త చల్లబడే వ్యవధి దొరికేది. ఈనాటి తుపాకి ఆ వ్యవధి ఇవ్వదు.

ఇక బడిపిల్లల సంగతి. మన పిల్లల సంచి కొనేటప్పుడు జిప్పు గట్టిదా, పట్టీ తెగుతుందా అని చూస్తాము. అక్కడ తూటా దూరని సంచులు కూడా అమ్ముతున్నారు. లెక్కల పాఠం మధ్యలో తలుపు గడియ వేసి, దీపాలార్పి, గోడ మూలన చప్పుడు చేయక కూర్చోవడం పిల్లలకు నేర్పుతున్నారు. ఎందుకు నేర్పరు? 2012 డిసెంబరులో కనెక్టికట్‌లోని శాండీహుక్ బడిలో 20 మంది చిన్నపిల్లలు, ఆరుగురు పెద్దలు చనిపోయారు. 2022 మేలో టెక్సస్‌లోని యువాల్డీలో 19 మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయినులు చనిపోయారు. 2020 నుండి 2022 వరకు ప్రతి సంవత్సరం ఆ దేశంలో 1 నుండి 17 ఏళ్లలోపు పిల్లల మరణాలకు మొదటి కారణం జ్వరం కాదు, కారు ప్రమాదం కాదు, తుపాకి.

బయటివారి సంగతి సరే, సంఘం సంగతేమిటని అడుగుతారేమో! చెబుతాము, వినండి. మన సంఘాల్లో కోత పండుగ వస్తే గుమ్మడికాయ, అరటిగెల, కోడిపుంజు తెచ్చి వేలం వేస్తాము. ఒక కోడిపుంజును నలుగురు పోటీపడి పాడి, చివరకు పాస్టరుగారికే ఇచ్చిపోవడం కూడా ఉంది. 2009 జూన్‌లో కెంటకీ రాష్ట్రం లూయివిల్‌లో ఒక సంఘ కాపరి విశ్వాసులను తుపాకులు ధరించి మందిరానికి రమ్మని పిలిచారు. తూటాలు మాత్రం తీసివేసి రావాలన్నారు. అదే రాష్ట్రంలోని పడూకాలో 2014లో ఒక సంఘంవారు మాంసాహార విందు పెట్టి, వచ్చినవారి పేర్లు చీటీలు తీసి 25 తుపాకులు బహుమానంగా ఇచ్చారు. సువార్త వినడానికి జనం రావాలంటే ఏదో ఒకటి చూపాలి గదా అని వారి ఉద్దేశం. మనవాళ్లు సువార్త సభలకు జనాన్ని పిలవడానికి మైకు, బుర్రకథ చాలనుకున్నారు. ఎంత వెనుకబడి ఉన్నామో చూడండి!

దీనికి వారు వాక్యం కూడా చూపుతారు. లూకా సువార్త 22వ అధ్యాయంలో ప్రభువు కత్తి కొనుక్కొమ్మన్న మాట ఉన్నదే అంటారు. ఉన్నది. కాని ఆ అధ్యాయాన్ని ఇంకాస్త చదవాలి. శిష్యులు వెదికి చూస్తే అందరికీ కలిపి రెండే కత్తులు దొరికాయి. అవి చాలునన్నారు ప్రభువు. ఆ రెండింటిలో ఒకటి ఆ రాత్రే పేతురు దూసి ఒక పనివాడి చెవి నరికాడు. ఆ చెవిని బాగుచేసే పని ప్రభువుపై పడింది. శిష్యులందరికీ రెండు చాలితే, నూరుమందికి 120 ఎందుకు చాలడం లేదో ఆ వాక్యం చూపేవారే చెప్పాలి.

న్యాయంగా మాట్లాడాలంటే, తుపాకి ఉన్న ప్రతి అమెరికావాడూ దుర్మార్గుడు కాడు. పోలీసు రావడానికి గంట పట్టే దూరపు పొలాల్లో కాపురముండే రైతులున్నారు. తాతల నాటి నుండి జింకల వేట ఆడేవారున్నారు. 2019 డిసెంబరులో టెక్సస్‌లోని ఒక మందిరంలో దుండగుడు ఇద్దరిని కాల్చగా, కాపలాకు ఉన్న విశ్వాసి ఒకాయన వెంటనే వాడిని కాల్చి మిగిలినవారిని కాపాడాడు. ఇది కూడా జరిగిన సంగతే.

అయితే లెక్క పూర్తిగా చూడాలి. 2023లో ఆ దేశంలో తుపాకి వల్ల సుమారు 46,700 మంది చనిపోయారు. వారిలో సుమారు 27,300 మంది తమను తామే కాల్చుకున్నవారు. సగానికి పైమాట! దొంగ వస్తాడని తుపాకి కొని దిండు కింద పెట్టుకుంటే, దొంగ రాలేదు. ఒకనాడు నిరాశ వచ్చింది. ఉద్యోగం పోయిన రాత్రి, ఇంట్లో తగవు పడిన రాత్రి, పరీక్ష తప్పిన రాత్రి వచ్చింది. ఆ గడియ దాటితే మనిషి తిరిగి నిలబడేవాడే. తుపాకితో ఆ పని తలపెట్టిన పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది బ్రతకరు.

ఇక్కడ మనము నవ్వడం ఆపాలి. ఎందుకంటే మన ఇంట్లో తుపాకి లేదు గాని, పశువుల కొట్టం గూట్లో పురుగుల మందు డబ్బా ఉన్నది. పత్తికి కొట్టగా మిగిలినది, మూత సరిగా లేనిది, పిల్లల చేతికి అందేది. అప్పు గురించి మాట పడిన సాయంత్రం, అత్తాకోడళ్లు కీచులాడుకున్న మధ్యాహ్నం ఆ డబ్బా ఎన్ని ఇళ్లలో ఏమి చేసిందో మీకు మేము చెప్పనక్కరలేదు. అక్కడివారి దిండు కింది తుపాకి, మన గూట్లోని డబ్బా ఒక్క కోవకు చెందినవే.

మన కత్తుల మోజు సంగతీ ఉన్నది. పుట్టినరోజు కేకును చాకుతో కోస్తే పరువు తక్కువని తల్వార్‌తో కోసి, ఆ ఫొటో ఊరందరికీ పంపి, ఆ ఫొటోతోనే పోలీసులకు దొరికిపోతున్న కుర్రవాళ్లున్నారు. మెత్తటి కేకు ఏమి నేరం చేసిందో మాకు తెలియదు! వేటకొడవలి పట్టనిదే హీరో హీరో కాడని సినిమాలవారు వాళ్లకు నేర్పారు. మన ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం లైసెన్సు ఉన్నవాడికైనా రెండు తుపాకులే. పెళ్లి ఊరేగింపులో సరదాకు గాలిలో కాల్చినా, ఎవరికైనా ప్రమాదం కలిగేలా ఉంటే రెండేళ్ల వరకు జైలు పడవచ్చు.

ఇదంతా మన పత్రికలో ఎందుకంటే, మన సంఘాల పిల్లలు ఎందరో ఇప్పుడు అక్కడ ఉన్నారు. 2017 ఫిబ్రవరిలో కేన్సస్ రాష్ట్రం ఓలేత్‌లో, మీ దేశానికి పొమ్మని అరుస్తూ ఒకడు కాల్చగా హైదరాబాదు నుండి వెళ్లిన ఇంజనీరు మరణించాడు. 2023 మేలో టెక్సస్‌లోని ఆలెన్‌లో బజారుకు వెళ్లిన మన తెలుగు అమ్మాయి చనిపోయింది. 2024 నవంబరులో జార్జియాలో చదువుకుంటున్న తెలంగాణ కుర్రవాడు తాను కొత్తగా కొన్న వేట తుపాకిని శుభ్రం చేస్తుండగా అది పేలి మరణించాడు. వేట లైసెన్సు తీసుకుంటే, చదువు వీసా మీద వెళ్లినవారు సైతం తుపాకి కొనుక్కునే వీలు అక్కడ ఉన్నది. మన పిల్లలూ కొనగలరని ఇక్కడి తల్లిదండ్రులలో చాలామందికి తెలియదు.

కాబట్టి అమ్మలారా, అయ్యలారా, ఈసారి ఫోనులో మాట్లాడేటప్పుడు “తిన్నావా, ప్రార్థన చేసుకున్నావా” అని అడిగిన తరువాత ఇంకొక మాట అడగండి. “నీ గదిలో గాని, నీతో ఉండేవారి దగ్గర గాని తుపాకి ఉందా నాయనా?” కోడలి పురుటికి, మనుమల కాపలాకు వెళ్లే పెద్దలు, పిల్లలు ఆడుకోవడానికి వెళ్లే ఇంటివారిని కూడా అడగండి. మొహమాటపడవద్దు. అక్కడి పిల్లల వైద్యులే అలా అడగమంటారు. ఉంటే, తూటాలు తీసి తాళం వేశారా, తూటాలు వేరేచోట తాళం వేసి పెట్టారా అని అడగండి.

ఫోను పెట్టేశాక కొట్టంలోకి వెళ్లి ఆ మందు డబ్బాను పెట్టెలో పెట్టి తాళం వేయండి. తాళంచెవి ఇంట్లో నిబ్బరం గలవారి దగ్గర ఉంచండి. సంఘ పెద్దలు, స్త్రీల సమాజంవారు ఇంటింటి ప్రార్థనలకు వెళ్లినప్పుడు, తలవంచుకుని మాట తగ్గించిన మనిషి కనబడితే ఒక పాట తగ్గించి అయినా ఆ మనిషి పక్కన కూర్చోండి.

చివరగా ఒక మంచి కబురు. శాండీహుక్ పిల్లల మరణం తరువాత, 2013లో, కొలరాడోలో ఒక మెనొనైట్ సంఘ యువజన కాపరి కొలిమి పని నేర్చుకున్నాడు. మెనొనైట్ పేరు మహబూబ్‌నగర్ ప్రాంతంవారికి కొత్త కాదు. ఇక వద్దని జనం తెచ్చి ఇచ్చిన తుపాకులను కాల్చి, సాగగొట్టి, తోటపని పనిముట్లు చేయడం మొదలుపెట్టాడు. యెషయా ప్రవక్త చెప్పిన పనే అది. మన ఊళ్లలో కొలిమి ఇంకా ఆరిపోలేదు. కేకులు కోసిన తల్వార్లు ఎవరి దగ్గరైనా ఉంటే, కొడవలికి మంచి ఉక్కు అవుతుందని మా కమ్మరి మేస్త్రి చెబుతున్నాడు.