పాపికొండల టికెట్టులో మన వాటా ఎంత?

 కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

పాపికొండల బోటు టూరు గురించి మన కుర్రాళ్ళలో రెండు మాటలు వినిపిస్తున్నాయి. "టూరిజం వస్తే మనోళ్ళకు నాలుగు డబ్బులొస్తాయి, ఎందుకు అడ్డం చెప్తారు" అని కొందరు. "మనల్ని జూలో జంతువుల్లా చూడ్డానికొస్తున్నారు, బోట్లు ఆపించాలి" అని ఇంకొందరు. రెండూ నాకు ఒప్పుదల కావు. డబ్బులొస్తాయి అనేవాళ్ళు ఎవరికి ఎంత వస్తుందో చెప్పరు. ఆపాలి అనేవాళ్ళేమో ఒడ్డు మీద ఊళ్ళకు కూడా దారి ఆ నీళ్ళే అని మర్చిపోతారు.

టూరు ఎలా సాగుతుందో చూడండి. పొద్దున్నే రాజమండ్రి నుంచి బస్సు. గండిపోచమ్మ గుడి దగ్గర బోటు ఎక్కిస్తారు. భద్రాచలం వైపు నుంచి వచ్చేవాళ్ళకైతే పోచవరం రేవు. బోటులోనే టిఫిను, భోజనం, మైకు, డాన్సులు. ఫలానా సినిమా ఇక్కడే తీశారు అని ఒకాయన చెప్తూ ఉంటాడు. పేరంటపల్లిలో దింపి గుడి చూపిస్తారు, అక్కడ మన కొండరెడ్లు వెదురుతో అల్లిన బుట్టలు, పూలు పెట్టుకుని కూర్చుంటారు. సాయంత్రానికి వెనక్కి. బస్సు, బోటు, వంట, కమీషను, ఇదంతా ఊళ్ళో చేరే డబ్బు కాదు. ఊరికి మిగిలేది బుట్ట మీద బేరం పోగా ఇచ్చే నోటు, సీజన్లో నాలుగు రోజుల కూలి. టికెట్టు కొన్న మనిషి రెండు కొండల మధ్య నది చూడ్డానికి కొన్నాడు. ఆ కొండలు, ఆ అడవి ఇంతకాలం నిలబెట్టిన వాళ్ళకు టికెట్టులో పైసా వాటా లేదు. పైగా పోస్టర్ మీద ఫోటో మాత్రం మన అవ్వలదే.

ఇక ప్రాణాల సంగతి. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ట మునిగింది. 77 మంది ఎక్కితే 26 మంది బతికారు. వాళ్ళను ముందు పట్టుకుని ఒడ్డుకు చేర్చింది దగ్గరి ఊళ్ళ గిరిజనులు, తమ నాటు పడవల్లో పోయి. ఏ ట్రైనింగూ లేదు, లైఫ్ జాకెట్టూ లేదు, గోదారి సుళ్ళు ఎక్కడుంటాయో తెలుసు అంతే. బోటును బయటికి తీసేదాకా, అంటే అక్టోబర్ 22 దాకా, టీవీలు ఆ ఒడ్డు వదల్లేదు. తర్వాత బోట్లు ఆగాయి, కంట్రోల్ రూములు వచ్చాయి, మళ్ళీ టూరు మొదలైంది. ఆ చనిపోయిన వాళ్ళ మీద నాకు ఏ కోపమూ లేదు, వాళ్ళ ఇళ్ళూ మన ఇళ్ళలాంటివే.

కానీ అంతకు ఏడాది ముందు, 2018 మే 15న, మంటూరు దగ్గర లాంచి మునిగింది గుర్తుందా? అది టూరు బోటు కాదు, సొంతూళ్ళకు పోయే జనం ఎక్కే లాంచి. పోయినవాళ్ళలో ఎక్కువ మంది మనవాళ్ళే. గాలివానకు తలుపులు మూసేశారు, లోపలివాళ్ళకు బయటికొచ్చే దారి లేకపోయింది. ఆ పేరు చెప్తే బయటివాళ్ళలో ఎంతమందికి తెలుసు? కచ్చులూరు తెలుసు, మంటూరు తెలియదు. ఇప్పటికీ ఒడ్డు మీది కొన్ని ఊళ్ళలో నొప్పులొచ్చిన ఆడమనిషిని ఆసుపత్రికి తీసుకుపోవాలంటే పడవే దిక్కు. టూరు బోటుకు టైమ్ టేబుల్ ఉంది, ఆమెకు లేదు.

చట్టం సంగతి. "గోదావరి మీద గ్రామసభకేం హక్కు?" అంటారు. పెసాలో పంచాయతీలకు ఇచ్చింది చిన్న నీటి వనరులే కదా అంటారు. సరే, నది వరకు ఆ మాట ఒప్పుకుందాం. మరి బోటు ఎక్కడ ఆగుతుంది? గాల్లో కాదు కదా. రేవు, వెదురు గుడిసెలు వేసే ఇసుక తిన్నె, వంట చేసే చోటు, నడిచే అడవి దారి, ఇవన్నీ షెడ్యూల్డ్ ఏరియాలో ఉన్నవే. 1/70 ఉంది. 2006 అటవీ హక్కుల చట్టంలో కొండరెడ్ల లాంటి ఆదిమ తెగలకు ఆవాస హక్కు అని విడిగా రాశారు, వెదురు మీద హక్కు రాశారు, అడవినీ నీటి వనరులనూ కాపాడుకునే అధికారం గ్రామసభకు ఇచ్చారు. పాపికొండలు నేషనల్ పార్కు అని 2008లో ప్రకటించి, మనవాడు వెదురు కొడితే కేసు అంటారు. అదే వెదురుతో టూరిస్టుకు గుడిసె వేస్తే అది డెవలప్‌మెంట్. ఈ ముక్క ఏ మీటింగులోనైనా గట్టిగా అడగండి.

బోట్లు మనమే నడుపుదాం అంటే నవ్వేవాళ్ళు మనలోనే ఉన్నారు. వాళ్ళకోసం దూరం ఊరి కథ ఒకటి చెప్తాను. దక్షిణ అమెరికాలో పెరూ దేశం. అక్కడ టిటికాకా అని సముద్ర మట్టానికి 3,800 మీటర్ల ఎత్తున పెద్ద సరస్సు. తొటోరా అనే తుంగ గడ్డిని పొరలు పొరలుగా పేర్చి, నీళ్ళ మీద తేలే దీవులు కట్టుకుని ఊరోస్ అనే ఆదివాసులు ఉంటారు. పూనో పట్నం నుంచి పొద్దున బోటు ఎక్కితే ముందు వాళ్ళ దీవులు, తర్వాత తకీలే అనే దీవి చూసి సాయంత్రానికి వెనక్కి రావచ్చు. అచ్చం మన పాపికొండల టూరే. తకీలేలో ఉండేది కెచువా జనం. 1970ల చివర్లో వాళ్ళు డబ్బులు పోగేసుకుని సొంత బోట్లు చేసుకున్నారు. తమ దీవికి టూరిస్టులను తీసుకొచ్చే హక్కు తమదే అని సాధించుకున్నారు. వచ్చినవాళ్ళను ఇళ్ళల్లో వంతులవారీగా ఉంచారు. చదువుకున్న మేనేజర్లెవరూ లేరు, ఊరి సభే అన్నీ చూసుకుంది. 1990లలో ఫ్యూజిమోరీ ప్రభుత్వం గుత్తాధిపత్యం కూడదని చట్టాలు తెచ్చింది. పూనో ఏజెన్సీల బోట్లు వచ్చి పడ్డాయి, దీవి వాళ్ళ బోట్లు చాలావరకు ఒడ్డున కూర్చున్నాయి. అంటే చేతకాక పోలేదు, కాపాడే చట్టం లేక పోయింది. మనకు చట్టం ఉంది, బోట్లు లేవు.

ఇదంతా ఇప్పుడే ఎందుకంటే పోలవరం. మొదటి దశలో 41.15 మీటర్లు, నిండితే 45.72. కదలాల్సింది లక్షకు పైగా కుటుంబాలు, అందులో పెద్ద భాగం మనవాళ్ళు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదారి 71.3 అడుగులకు వచ్చినప్పుడు కూనవరం, వీఆర్ పురం, వేలేరుపాడు జనం కొండల మీద పరదాలు కట్టుకుని ఎలా బతికారో మీలో చాలామందికి నేను చెప్పక్కర్లేదు. రేపు రిజర్వాయర్ నిండితే నది ఇంకా వెడల్పవుతుంది, బోట్లు ఇంకా పెరుగుతాయి. మనం మాత్రం కాలనీల్లో, నీటికి దూరంగా. అప్పుడు లైసెన్సు డబ్బున్నవాడిది. లేదంటే మన పేరు మీద తీసుకుని వెనకాల ఇంకొకడు కూర్చుంటాడు. 1/70 భూముల్లో బినామీలను చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు. 2013 భూసేకరణ చట్టంలో ముంపు ఎస్టీ కుటుంబాలకు రిజర్వాయర్లో చేపల హక్కు రాశారు. బోటు హక్కు మాట అందులో లేదు. అడగాల్సింది అదే.

కాబట్టి గ్రామసభ తీర్మానాల్లో ఈ మాటలు పెట్టించండి: మన రేవులో ఆగే ప్రతి టూరు బోటు గ్రామసభ అనుమతితోనే ఆగాలి, టికెట్టులో వాటా నేరుగా గ్రామసభ ఖాతాకు రావాలి, కొత్త లైసెన్సులు ముంపు ఊళ్ళ గిరిజన సంఘాలకే ఇవ్వాలి, ఊరి జనం లాంచికి, ఆసుపత్రి పడవకు టూరు బోట్ల కన్నా ముందు ఫిట్‌నెస్ చూడాలి. ముసాయిదా రాయడానికి లా చదివే తమ్ముళ్ళు ఇద్దరు ముగ్గురు కావాలి. కొయిదా, కొల్లూరు, తుమ్మిలేరు, కొండమొదలు వైపు వాళ్ళు ముందుగా మీ రేవులో ఏ బోట్లు ఆగుతాయో, ఎన్నింటికి ఆగుతాయో, మీ ఊరి పడవ ఎన్ని రోజులకోసారి వస్తుందో రాసి పంపండి. చదువు రాని పెద్దవాళ్ళనైతే అడిగి వాయిస్ పెట్టినా చాలు.