ఏ నాబుకు ఏ పని?



పోయిన నెల మా పేటలో జరిగిన శనివారం భజనకు మీలో కొందరు వచ్చియున్నారు. పాట నడుమ తంబురా శ్రుతి ఉన్నట్టుండి ఆగిపోయి, పాడుచున్న పెద్దాయన గొంతు తడబడినది. ఆ తప్పు మా మేనల్లునిది. దాచవలసిన పని లేదు.

వాడు కూడబెట్టిన జీతంతో ఎనిమిది నాబులున్న చిన్న కీబోర్డు కొన్నాడు. దానిలో స్వరమేమీ ఉండదు. పలికేవి ల్యాప్‌టాప్‌లోని సింథసైజర్ ప్రోగ్రాములు. నాబులు వాటికి ఆజ్ఞలిస్తాయి, అంతే. తంబురాకు ఒక ప్రోగ్రాము, హార్మోనియానికి ఒకటి, వేణువుకు ఒకటి. హార్మోనియంలో మూడవ నాబు తిప్పితే స్వరం పదును తగ్గుతుంది. తంబురాలో అదే నాబు తిప్పితే మొత్తం శబ్దమే తగ్గుతుంది. వాడు తంబురా పదును తగ్గించబోయి నోరే మూసివేశాడు.

మరునాడు పెద్దలు, "పాత హార్మోనియమే చాలు, భజనలో కంప్యూటరెందుకు?" అన్నారు. బ్రతిమాలగా మరొక్క శనివారం గడువిచ్చారు. వాడేమో కీబోర్డు అమ్మివేస్తానని కూర్చున్నాడు.

వాని తాతగారు జకార్డు మగ్గం మీద చద్దర్లు నేసిన మనిషి.

"ఏ నాబు ఏం చేస్తదో రాసి పెట్టుకున్నవారా?" అని అడిగారు.

"లేదు తాతా, యాదుంటదనుకున్న."

"అంటే నెంబరెయ్యకుండ అట్టలు కుట్టినవన్నమాట!"

జకార్డు సంగతి మన ఇండ్లలో చెప్పనక్కరలేదు. అట్టలో చిల్లి ఉన్నచోట కొక్కెం లేస్తుంది, దానితో పడుగు పోగు లేస్తుంది. ఒక్క అట్ట తారుమారైతే చద్దరు మీద పువ్వు చెదిరిపోతుంది.

నాబుల సంగతీ అంతే. ఈ పరికరాలు మాట్లాడుకొనే భాష పేరు మిడి. అమెరికాలో డేవ్ స్మిత్, జపానులో ఇకుతారో కకెహాషి మొదలైనవారి పూనికతో 1983లో వచ్చినది. నాబు తిప్పితే తీగలో పోయేది శబ్దం కాదు, రెండు అంకెలు: ఏ నాబు, ఎంత తిరిగినది. రెండూ 0 నుండి 127 లోపలే. శబ్దానికి 7, పదునుకు 74, ప్రతిధ్వనికి 91 అని వాడుక ఉన్నది. కాని ప్రోగ్రాములన్నీ దానిని పాటించవు. కాబట్టి ఒక్కొక్కదానికి మనమే నేర్పి, భద్రపరచవలెను.

మేము గుమాస్తాలం, మాకు తెలిసిన విద్య రిజిస్టరు. ఆ రాత్రి మామా అల్లుళ్ళం కూర్చొని గళ్ళు గీశాము. మొదటి నాబు ఎప్పుడూ పదును. మూడవది స్వరం లేచే వేగం, నాల్గవది ఆరే వేగం, అయిదవది ప్రతిధ్వని. ఎనిమిదవది, చివరిది, ఎప్పుడూ శబ్దం. పొరపాటున చేయి తగలని చోటు అది. ఏడవ నాబును ఖాళీగా ఉంచాము. ఒక్కొక్క ప్రోగ్రాముకు ఏదో ఒక సొంత విశేషం ఉంటుంది, దానికి అది. ఏదైనా ప్రోగ్రాములో ఒక పని లేకపోతే ఆ నాబును ఊరకనే వదిలాము గాని, వేరే పని అప్పగించలేదు.

ఇంకొక చిక్కు మిగిలినది. ప్రోగ్రాము మార్చినప్పుడు నాబు ఒకచోట, లోపలి విలువ మరొకచోట ఉంటాయి. కదిలించగానే శబ్దం గభాలున ఎగురుతుంది. నాబు ఆ విలువను చేరేదాకా మార్పు జరగకుండా ఆపే ఏర్పాటు వాని ప్రోగ్రాములో ఉన్నది. దానిని పెట్టుకున్నాడు. అమరికలన్నిటికీ ఒక నకలు పెన్‌డ్రైవులో దాచాడు.

మొన్నటి శనివారం వాడు వెనుక వరుసలో కూర్చొని వాయించాడు. కాగితం కీబోర్డుకు అంటించి ఉన్నది. పెద్దాయన మూడు పాటలు పాడారు. వాని వైపు ఒక్కరూ తిరిగి చూడలేదు. ఇంటికి వచ్చేటప్పుడు తాతగారు, "ఇయ్యాల పువ్వు సరిగ్గ పడ్డది," అన్నారు.

అమ్మే మాట మళ్ళీ రాలేదు. మీ ఇంట ఇట్టి కీబోర్డు గల పిల్లలుంటే, ముందుగా ఒక కాగితమూ కలమూ ఇవ్వవలసినదని మనవి.